మందపై ముసురు ఈగలు

కాడి విప్పి చెట్టునీడను కట్టిన ఎద్దును కొంతసేపు గమనింపుడు. దాని తోక ఊరకుండదు. అది చర్మమును జలదరింపజేయును. తలను వెనుకకు విసరి భుజమును కొట్టుకొనును. ముందుకాలితో నేలను తన్నును. ఇవన్నియు ఈగలను తోలుకొనుటకు పడు పాట్లే. మన రైతు సాయంకాలమున కొట్టములో వేపాకు పొగ వేయుట ఈ బాధను చూచియే. పశువులు రెండో నాలుగో ఉన్నచోట ఇట్టి ఉపాయములు కొంతవరకు చాలును. కాని వందలకొలది పశువులు రాత్రింబవళ్లు ఆరుబయట పచ్చిక మేయుచు తిరుగు దేశములలో ఎవరు పొగ వేయగలరు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాస్, నెబ్రాస్కా, మిస్సోరి మొదలగు రాష్ట్రములందు మాంసమునకై పెంచు పశువుల మందలు ఇట్లే జీవించును. అచ్చటి కాపరి ఒక్కొక్క పశువును వారములతరబడి చేతితో తాకడు. ఈగల బాధను వారు ఎట్లెదుర్కొనిరో, ఎక్కడ గెలిచిరో, ఎక్కడ ఓడిరో తెలిసికొనుట జీవశాస్త్ర విద్యార్థులకు ఎంతయు ప్రయోజనకరము. ఈ ఒక్క కథలో కీటకముల జీవితచరిత్ర, రసాయనముల పనితీరు, ప్రకృతివరణము అన్నియు కలిసి వచ్చును.

ముగ్గురు శత్రువులు

"ఈగ" అని మనము ఒక్కమాటలో అందుము గాని, మందను బాధించు ఈగలు పలు రకములు. వానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కొమ్ముల ఈగ. దీని శాస్త్రీయనామము హీమటోబియా ఇరిటాన్స్. ఇంటి ఈగలో సగము పరిమాణము గల ఈ చిన్న ఈగ పశువు వీపుపైన, మూపుపైన తల క్రిందికి పెట్టి వాలును. ఒక్కొక్కప్పుడు కొమ్ముల మొదట గుంపుగా చేరుటచే దీనికి ఈ పేరు వచ్చినది. ఆడది, మగది రెండును రక్తము పీల్చును.

రెండవది సాల ఈగ. శాస్త్రీయనామము స్టోమాక్సిస్ కాల్సిట్రాన్స్. చూచుటకు ఇంటి ఈగవలెనే ఉండును గాని, తలనుండి ముందుకు పొడుచుకొని వచ్చిన గట్టి తొండము దీని గుట్టు బయటపెట్టును. ఇది పశువుల కాళ్లను కుట్టును. కడుపు నిండగనే ఎగిరిపోయి గోడమీదనో, కంచెమీదనో, చెట్టుమీదనో కూర్చుండును. మన దేశమునందును ఇది సాధారణముగా కనబడును.

మూడవది ముఖపు ఈగ; మస్కా ఆటమ్నాలిస్. ఇది కుట్టదు. పశువు కన్నులనుండి, ముక్కునుండి కారు ద్రవములను త్రాగి బ్రతుకును. కాని గరుకైన నోటితో కంటిని గీరి, మొరాక్సెల్లా బోవిస్ అను సూక్ష్మజీవిని ఒక పశువునుండి మరియొక పశువునకు చేర్చును. దానిచే కన్ను ఎఱ్ఱబడి, నీరు కారి, ముదిరినచో చూపు పోవుటయు కలదు.

ఈ మూడింటికిని జన్మస్థానము అమెరికా కాదు. కొమ్ముల ఈగ ఐరోపానుండి పశువులతోపాటు ఓడలలో వచ్చి, 1887లో న్యూజెర్సీ ప్రాంతమున గుర్తింపబడెను. పదేండ్లలోనే అది ఖండమంతయు దాటి, 1897 నాటికి పసిఫిక్ సముద్రములోని హవాయి ద్వీపములను చేరెను. ముఖపు ఈగ 1952లో కెనడాలోని నోవాస్కోషియాలో కనబడి, అక్కడనుండి దక్షిణమునకు వ్యాపించెను. క్రొత్త నేలపై ఆహారము పుష్కలముగా ఉండి, తన్ను తిను శత్రువులు తక్కువగా ఉన్నప్పుడు ఒక జీవి ఎంత వేగముగా పెరుగగలదో ఈ ఉదాహరణములు తెలుపుచున్నవి.

ఆవునకును పేడకును నడుమ

మువ్వురిలో మందకు ఎక్కువ నష్టము కలిగించునది కొమ్ముల ఈగ. దాని జీవితమును పరిశీలించినచో ఒక విశేషము కనబడును. ప్రౌఢదశలో ఇది దాదాపు పగలును రాత్రియు పశువు మీదనే ఉండును. ఆడ ఈగ పశువును విడిచి దిగుట ఒక్క పనికొరకే. పశువు పేడ వేసిన కొద్ది నిమిషములలో దిగి, ఆ పేడకడి అంచుక్రింద గ్రుడ్లు పెట్టి, మరల పశువును చేరును. పేడ పాతబడినచో దానికి పనికిరాదు.

గ్రుడ్లు ఒక దినములో పొదుగబడును. డింభకములు నాలుగైదు దినములు మొదలు ఒక వారము వరకు పేడను తినుచు పెరిగి, పేడలోనో క్రింది మట్టిలోనో ప్యూపాలుగా మారును. ఎండకాలములో గ్రుడ్డునుండి ఈగవరకు మొత్తము రెండు వారముల లోపే పూర్తి యగును. చలికాలము రాగానే ప్యూపాలు పేడక్రింద నిద్రావస్థలోనికి పోయి, వసంతమున మేల్కొనును.

ఈ వేగమెంతటిదో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఒక ఆడ ఈగ తన జీవితములో 200 గ్రుడ్లు పెట్టినదనుకొనుడు. వానిలో పదింట తొమ్మిది నశించినను 20 మిగులును. అందులో ఆడవి 10. రెండవ తరమున ఆడవి 100; మూడవ తరమున 1,000. తరము రెండు వారములు గనుక ఒకటిన్నర నెలలో ఒక్క ఈగ సంతానమున వేయి ఆడ ఈగలు! నేడు చల్లిన మందు వారము దినములలో వీగిపోయినచో, నెల తిరుగునప్పటికి మంద మరల యథాస్థితికి వచ్చుట ఇందువలననే.

కొమ్ముల ఈగ జీవితమంతయు రెండు స్థానములలోనే గడచుచున్నదని గుర్తుంచుకొనుడు. ఒకటి పశువు ఒడలు, రెండవది తాజా పేడ. నివారణోపాయములన్నియు ఈ రెండు స్థానములలో ఏదో ఒకదానిపై దెబ్బ తీయునవే.

ఇన్నూరు ఈగల లెక్క

ఒక కొమ్ముల ఈగ దినమునకు ఇరువదినుండి నలువది మార్లు కుట్టును. పశువుపై 200 ఈగలున్నచో, ఒక్కొక్కటి 25 మార్లు కుట్టినను దినమునకు 5,000 పోట్లు. ఒక్కొక్క ఈగ త్రాగు రక్తము బిందువులో అల్పభాగమే గాని, పశువు మేత మాని తోలుకొనుటలోనే కాలము పుచ్చును. తల్లి పాలు తగ్గును. దూడ బరువు తగ్గును. అమెరికాలో ఈ ఒక్క ఈగవలన కలుగు నష్టము ఏటేట సుమారు 100 కోట్ల డాలర్లని అంచనా.

అయినను శాస్త్రజ్ఞులు "ఒక్క ఈగయైనను ఉండరాదు" అనరు. పశువునకు 200 ఈగల వరకు ఉన్నచో నష్టము స్వల్పము. మందునకగు ఖర్చు అంతకంటె ఎక్కువ. ఈ సంఖ్య దాటినప్పుడే మందు వాడుట లాభకరము. దీనినే ఆర్థిక నష్టపరిమితి యందురు. సాల ఈగ పోటు మిక్కిలి బాధాకరము గనుక దానికి పరిమితి కాలికి ఐదు ఈగలు మాత్రమే. శత్రువును సమూలముగా చంపుట వేరు, నష్టములేని స్థాయిలో ఉంచుట వేరు. ఈ భేదమును మరచుటవలన ఎంత హాని కలిగెనో ఇక చూతము.

చెవిపోగు చెప్పిన పాఠము

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికా రైతులు మందలపై డి.డి.టి. చల్లిరి. ఫలితము అద్భుతముగా తోచెను. కాని ఆ పదార్థము క్రొవ్వులో నిలిచిపోవుటయు, పక్షులకు హాని చేయుటయు బయటపడెను. 1972లో ఆ దేశమున దానిని నిషేధించిరి. తరువాత ఇతర మందులను నూనెలో కలిపి, గోనెలను తడిపి, పశువులు ఒడలు రుద్దుకొనుచోట కట్టిరి. పొడిమందు నింపిన సంచులను నీటితొట్టికి పోవు దారిలో వ్రేలాడదీసిరి. పశువు వాని క్రిందుగా పోవునప్పుడు వీపుపై పొడి రాలును. ఈ పద్ధతులు నేటికిని వాడుకలో ఉన్నవి.

1980 ప్రాంతమున ఒక క్రొత్త సాధనము వచ్చెను. అది పైరెత్రాయిడ్ జాతి మందును కలిపి చేసిన ప్లాస్టిక్ చెవిపోగు. చేమంతి జాతికి చెందిన ఒక మొక్క పూవులలో సహజముగా దొరకు పైరెత్రమ్‌ను పోలి కృత్రిమముగా తయారుచేసిన మందులే పైరెత్రాయిడ్లు. పోగునుండి మందు కొంచెము కొంచెముగా వెలువడి, పశువు తల ఆడించినప్పుడెల్ల ఒడలికి అంటును. ఒక్కసారి పోగు వేసినచో వేసవి పొడుగునను ఈగలు కనబడలేదు. ఖర్చు స్వల్పము, శ్రమ స్వల్పము. రైతులు మందలన్నింటికిని పోగులు వేసిరి.

ఈ విజయము మూడు నాలుగేండ్లు కూడ నిలువలేదు. దక్షిణ రాష్ట్రములలో మొదట, తరువాత ఇతరత్రా, పోగు ఉన్న పశువుపైననే ఈగలు ముసరుట ఆరంభించెను. పోగులో మందు ఉన్నది, ఈగ చావలేదు.

కారణమేమి? పైరెత్రాయిడ్ మందు కీటకముల నాడీకణములలో సోడియమ్ అయానులు పోవు ద్వారములను మూసికొననీయదు. నాడి అదేపనిగా ఉత్తేజితమై, ఈగ కొట్టుకొని చచ్చును. కొన్ని ఈగలలో ఈ ద్వారమును నిర్మించు జన్యువునందు చిన్న మార్పు, అనగా ఉత్పరివర్తనము, ఉండును. ప్రోటీనులో ల్యూసిన్ అను ఆమైనో ఆమ్లము ఉండవలసినచోట ఫీనైల్ ఎలనిన్ ఉండును. ఆ మార్పుచేత మందు ద్వారమునకు సరిగా అంటుకొనదు. డి.డి.టి. పనిచేయుటయు ఈ ద్వారముపైననే. కావున ఇట్టి మార్పు రెండు మందులనుండియు ఈగను కాపాడగలదు.

మందు ఈ మార్పును పుట్టించలేదు; ఎన్నుకొన్నది. విద్యార్థులు తరచుగా పొరపడునది ఇచ్చటనే. "ఈగ మందునకు అలవాటుపడినది" అందురు. ఏ ఒక్క ఈగయు తన జీవితకాలములో అలవాటుపడి ఈ నిరోధకతను సంపాదింపదు. పదివేల ఈగలలో పది మాత్రము మొదటినుండియు మార్పు కలవి యనుకొనుడు. మందు తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదింటిని చంపెను. మిగిలిన పదింటికి పశువులన్నియు తమవే, పేడయంతయు తమదే. అవి తమలో తాము జతకట్టును. కొలది తరములలో మంద మీది ఈగలన్నియు ఆ పదింటి సంతానమే. డార్విన్ చెప్పిన ప్రకృతివరణము ఆవు మూపుపైననే జరిగినది!

కొమ్ముల ఈగ విషయమున ఇది ఇంత త్వరగా జరుగుటకు దాని జీవితవిధానమే తోడ్పడినది. సాల ఈగవలె అది పశువును విడిచి దూరముగా కూర్చుండదు. ప్రౌఢ ఈగలన్నియు సదా పశువు మీదనే గనుక, మందు తగులక తప్పించుకొను మామూలు ఈగలు మిగులలేదు. పైగా వేసవి చివర పోగులో మందు తగ్గి, బలహీనమైన మోతాదు నెలలతరబడి తగులుచుండెను. ఆ మోతాదు సగము నిరోధకత గల ఈగలను చంపక వదలెను.

ఈ అనుభవమునుండి పుట్టిన నియమములు నేడు అక్కడి రైతులకు బోధింపబడుచున్నవి. వసంతారంభమున తొందరపడక, ఈగలు 200 దాటిన తరువాత పోగు వేయవలెను. శరదృతువున తప్పక తీసివేయవలెను. ఒక యేడు ఒక జాతి మందు వాడినచో మరుసటి యేడు వేరొక జాతి మందును వాడవలెను. పెట్టెమీది పేరు మారిన చాలదు. నాడిపై పనిచేయు తీరు మారవలెను.

రెండవ స్థానముపై దెబ్బ

పశువు ఒడలిపైన కాక, పేడలో శత్రువును ఎదుర్కొను పద్ధతులు మరికొన్ని కలవు. పశువులు నాకు ఉప్పులోనో, దాణాలోనో కొద్దిగా మందు కలుపుదురు. అది పేడతోపాటు వెలువడి డింభకములపై పనిచేయును. మెథోప్రీన్ అనునది కీటకముల బాల్యదశను నిలుపు హార్మోనును పోలినది. దానివలన ప్యూపా ఈగగా మారజాలదు. డైఫ్లూబెంజ్యురాన్ అనునది కీటకముల పైతొడుగునకు ఆధారమైన కైటిన్‌ను ఏర్పడనీయదు. అయితే మంద యంతయు ఈ ఉప్పును సరిగా తినవలెను. పొరుగువాని మందలోని ఈగలు ఎగిరి వచ్చినచో వానిపై దీని ప్రభావమేమియు ఉండదు.

సాల ఈగకు తాజా పేడతో పనిలేదు. తడిసి క్రుళ్లిన గడ్డి, పేడ, మూత్రము కలిసిన చెత్తయే దాని పురిటిల్లు. చలికాలమున పశువులకు ఎండుగడ్డి చుట్టలు వేసినచోట మిగిలిన తుక్కునుండి వసంతమున ఈ ఈగలు వేలకొలది వెలువడును. కాళ్లపై చల్లిన మందు తడిగడ్డిలో నడచినంతనే కడుగుకొనిపోవును. కావున చెత్తను ఎత్తివేయుట, పలుచగా పరచి ఎండబెట్టుట, మేత వేయుచోటును మార్చుచుండుటయే దీనికి సరియైన చికిత్స.

మందు లేని ఉపాయములు

అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన విల్లిస్ బ్రూస్ అను కీటకశాస్త్రజ్ఞుడు 1930లలో ఒక బోనును కల్పించెను. ఇది పశువు నడచిపోదగిన చిన్న నడవ. లోపల వ్రేలాడు గుడ్డపట్టీలు పశువు వీపును రాసికొనగా ఈగలు లేచి, వెలుతురు వచ్చు ప్రక్కగోడలవైపు పోవును. ఆ గోడలలో అమర్చిన జాలీలలోనికి పోవుట సులభము, వెలికివచ్చుట కష్టము. నీటితొట్టికి పోవు దారి ఇదొక్కటే యగునట్లు కంచె వేసినచో పశువు దినమునకు ఒకటి రెండుమార్లు తానే ఈగలను దులుపుకొనును. ఈ బోను ఈగలను సగమునకు పైగా తగ్గింపగలదు. దీనికి నిరోధకత యను బెడద లేదు.

రెండవ ఉపాయము పేడపురుగు. ఇందుకు ఆస్ట్రేలియా కథ ప్రసిద్ధము. 1788లో ఆంగ్లేయులు అచ్చటికి తొలిసారి పశువులను కొనిపోయిరి. ఆ ఖండపు స్వదేశీ పేడపురుగులు కంగారూల పొడి పెంటికలకే అలవాటుపడినవి. ఆవుపేడను అంతగా ముట్టలేదు. ఒక్కొక్క ఆవు దినమునకు పది పండ్రెండు మార్లు పేడ వేయును. అది కదలక పడియుండుటచే పచ్చిక చచ్చెను, ఈగలు పెరిగెను. కొమ్ముల ఈగకు దగ్గరి చుట్టమైన గేదె ఈగ కూడ 19వ శతాబ్దమున ఆ దేశము చేరెను. హంగరీలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన జార్జి బోర్నెమిస్సా అను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా, ఐరోపా ఖండముల పేడపురుగులను తెప్పింపవలెనని ప్రతిపాదించెను. 1968 మొదలు 1984 వరకు 43 జాతులను విడిచిరి. వానిలో 23 జాతులు స్థిరపడెను. ఇవి పేడను ఛిన్నాభిన్నము చేసి, ఉండలుగా నేలలో పాతిపెట్టును. ఈగ డింభకమునకు తిండియు, తేమయు లేకుండపోవును, నేలకు ఎరువగును. పలుచోట్ల ఈగలు తగ్గినవి. కాని ఉత్తరభాగమున గేదె ఈగ నేటికిని బాధించుచునే ఉన్నది. పేడపురుగు సహాయకారియే గాని ఒంటరిగా యుద్ధము గెలువజాలదు.

ఇందొక హెచ్చరిక కూడ కలదు. పశువు కడుపులోని పురుగులకై ఇచ్చు ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పేడలోనికి వచ్చి పేడపురుగు పిల్లలకు హాని చేయును. శత్రువుపై వేసిన దెబ్బ మిత్రునికి తగులును.

ఒంగోలు మూపు

ఈ కథలో మన పాత్రయు కొంచెము కలదు. మన ఒంగోలు జాతి పశువులు సముద్రములు దాటి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుమీద "నెలోరి" జాతిగా ప్రసిద్ధికెక్కెను. నేడు ఆ దేశపు మాంసపశువులలో అధికభాగము ఈ జాతియో, దీని సంకరమో. అమెరికాలో బ్రాహ్మణ్ జాతిని రూపొందించుటలోను గిర్ మొదలగు భారతీయ జాతులతోపాటు ఒంగోలు రక్తము చేరినది. ఒకే బీటిలో మేసినను ఐరోపా జాతులకంటె మూపురము గల మన జాతులపై కొమ్ముల ఈగలు తక్కువగా ఉండునని పరిశీలనలు తెలిపినవి. చర్మమును చక్కగా జలదరింపజేయు శక్తి, వెండ్రుకల తీరు, చర్మగ్రంథుల స్రావములు ఇందుకు కారణములని భావింపబడుచున్నది. ఒకే మందలోను కొన్ని ఆవులపై ఈగలు సదా తక్కువ, కొన్నింటిపై సదా ఎక్కువ. ఈ గుణము కొంతవరకు సంతానమునకు సంక్రమించును. కావున సంతానమునకై పశువులను ఎన్నుకొనుటయు ఒక నివారణోపాయమే.

మనమేమి చేయవచ్చును?

కొమ్ముల ఈగకు కదలని పేడకడి కావలెను. మన పల్లెలలో తెల్లవారగానే పేడ ఎత్తి, పిడకలు చరచి ఎండబెట్టు ఇల్లాలు తనకు తెలియకయే దాని పురిటింటిని చెరపుచున్నది. కాని కొట్టము ప్రక్కన తడిసి మురుగు పెంటకుప్ప సాల ఈగకును, ఇంటి ఈగకును ఆటపట్టు. దానిని కొట్టమునకు దూరముగా గోతిలో వేసి కప్పుట అవసరము. పైరుపై చల్లు మందులను పశువులపై చల్లుట మాత్రము ప్రమాదకరము. అది పశువు ప్రాణమునకే ముప్పు. పాలలోనికి వచ్చి మనకును ముప్పు. పశువైద్యుని సలహా లేక ఏ మందును వాడరాదు.

ఉపాధ్యాయులు విద్యార్థులచే రెండు పరిశీలనములు చేయింపవచ్చును. మొదటిది: ఉదయమున ఎండ ముదురకముందు, పశువునకు కొంత దూరమున నిలిచి, ఒక ప్రక్కనున్న ఈగలను లెక్కించి రెట్టింపు చేయవలెను. వారమునకొకమారు, ఒకే వేళకు, అదే పశువులపై లెక్కించి పటము గీచినచో వాన, ఎండలతో ఈగల సంఖ్య ఎట్లు మారునో తెలియును. రెండవది: ఒకే దినమున పడిన రెండు పేడకళ్లను తీసికొని, ఒకదానిని కదల్పక నీడలో ఉంచి, రెండవదానిని పలుచగా ఎండలో పరచవలెను. నాలుగు దినముల తరువాత పుల్లతో విడదీసి రెండింటిలోని డింభకములను పోల్చవలెను; పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

చెవిపోగు వచ్చిన దినమున రైతు ఇక లెక్కించుటతో పనిలేదనుకొనెను. కొలది యేండ్లకే మరల లెక్కింపవలసివచ్చెను. ఈగలను లెక్కించుట, అవి ఎక్కడ పుట్టుచున్నవో కనిపెట్టుట, ఒకే ఆయుధమును పదేపదే ప్రయోగింపకుండుట అను ఈ మూడు పనులను మానినచోట ఎంత మంచి మందైనను కొలదికాలమే పనిచేయును.